చూద్దాంగారు

జనవరి 6, సోమవారం

పంపకాలు అయిపోయాయి. దొరలు దేశం వదిలి వెళ్ళిన నాటి మహానుభావుల మీద మా సంస్థ తెస్తున్న చిన్న పుస్తకాల వరసలో ఎవరికి ఎవరు అన్నది ఈ ఉదయం మీటింగులో తేలింది. జైలుకి వెళ్ళినవాళ్ళు, ఉపన్యాసాలు దంచినవాళ్ళు, రైలు పట్టాలు పీకినవాళ్ళు అందరూ పర్మనెంటు వాళ్ళకి పోయారు. నేను కాంట్రాక్టు దాన్ని. చివర మిగిలినాయన నా వాటాకి వచ్చాడు. చూద్దాంగారు.

పేరు చదవగానే బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాధపడ్డాననుకుంటారు.

అందరూ వెళ్ళాక డైరెక్టర్ గారి దగ్గర ఆగాను. "ఈ పుస్తకం బాగా వస్తే నా పర్మనెంటు సంగతి..." అన్నాను. ఆయన లేచి తలుపు దాకా వచ్చి మరీ సాగనంపారు. "తప్పకుండా చూద్దామండీ" అన్నారు. ఆ మనిషి ఎవరి కోసమూ కుర్చీలోంచి లేవడు. నా కోసం లేచాడంటే విషయం ఉన్నట్టే.

ఇంటికొచ్చి వదినతో చెప్పాను, పర్మనెంటు చేసేట్టే ఉన్నారని.

"అలా అన్నారా?"

"చూద్దామన్నారు."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వింది వదిన. పేపరు వెనకాల అన్నయ్య దగ్గాడు. ఆ దగ్గు నవ్వుకి మారువేషం.

వేసవిలో వదిన వాళ్ళమ్మగారికి మోకాలి ఆపరేషన్. మెట్లెక్కలేరు కాబట్టి కింద బాత్రూమ్ ఉన్న గది కావాలి. అంటే నా గది. మొగుణ్ణి వదిలేసి వచ్చిన రోజు "ఎన్నాళ్ళైనా ఉండు" అని ఇదే వదిన నా పెట్టె మోసింది. ఇప్పుడూ వెళ్ళమని అనలేదు. కొలతల టేపు తెచ్చి కిటికీ వెడల్పు చూసుకుందంతే.


జనవరి 7

కర్టెన్లు ఏ రంగైతే బాగుంటాయని వదిన నన్నే అడిగింది. ఆకుపచ్చ అన్నాను.


జనవరి 21, మంగళవారం

పుస్తకానికి మొదటి పేజీ ఇలా మొదలుపెట్టాను. బడిపిల్లలకి కూడా తెలిసిన కథే.

'దొరలతో ఆఖరి రోజు చర్చలు. మన తరఫున పెద్దాయన. ఆయనకి వాళ్ళ భాష రాదు. పక్కన కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడానికి ఒక యువ ఉద్యోగి. మేం వెళ్ళిపోయినా మీ రేవు మా యుద్ధ ఓడలకి వదిలిపెడతారా అని వాళ్ళు అడిగారు. పెద్దాయన "చూద్దాం" అన్నారు. ఆ యువకుడు దాన్ని "ఒప్పుకుంటున్నాం" అని చెప్పాడు. మర్నాడు వాళ్ళ భాషలో రాసిన కాగితం మీద సంతకాలు అయిపోయాయి. మన జెండా అన్నిచోట్లా ఎగిరింది, రేవులో తప్ప. రేవు చుట్టూ కాపురాలున్నవాళ్ళని లారీల్లో ఎక్కించి ఊరి బయట దింపారు.'

జనం రోడ్డెక్కారు. పెద్దాయన బహిరంగ సభలో కళ్ళు తుడుచుకుంటూ, "నేను చూద్దామన్నాను, నా నోటి మాట దారిలో మారిపోయింది" అన్నారు. యువకుడు కిక్కురుమనలేదు. అతణ్ణి ఎవరూ వెళ్ళని ఒక మంచుదేశానికి రాయబారిగా పంపేశారు. చిన్న తప్పుకి పెద్ద పదవి అని అప్పటి పత్రికలు వెక్కిరించాయి. అసలు పేరు పోయి చూద్దాంగారు మిగిలారు.

మధ్యవర్తి వల్ల పని చెడితే అది 'చూద్దాంగారి సంతకం' అని ఇప్పటికీ అంటారు. నా పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషిని మా అన్నయ్య చూద్దాంగారనే పిలుస్తాడు.

సంస్థ మెట్ల దగ్గర నిలువెత్తు పెద్దాయన ఫోటో ఉంది. మా సంస్థ ఆయన పేరు మీదే. రోజూ ఆయన చూపుల కిందుగానే పైకెక్కుతాను.


ఫిబ్రవరి 5, బుధవారం

ఇవాళ ఒకటి దొరికింది.

చర్చల్లో మనవాళ్ళు రాసుకున్న మినిట్స్ ఎప్పుడో పోయాయి. వాళ్ళవి అచ్చయ్యాయి, ఏ లైబ్రరీలోనైనా దొరుకుతాయి. దొరల భాషలో ఉన్న ఆ లావుపాటి సంపుటాలు మనవాళ్ళు ఎవరూ తెరిచిన పాపాన పోలేదు. తెరిచినవాళ్ళు ఆఖరి రోజు పేజీ ఒక్కటే చూసి మూసేశారు. నేను మొదటి నుంచి చదువుకుంటూ వచ్చాను.

పెద్దాయనకి చూద్దాం అనేది ఊతపదం. పన్నుల మీద చూద్దాం, ఖైదీల విడుదల మీద చూద్దాం, పోలీసు పించన్ల మీద చూద్దాం. ప్రతిసారీ ఆ యువకుడు దొరలకి చెప్పింది ఒక్కటే: "ఈ రోజు ఆయన జవాబివ్వరు." ఒకసారి వాళ్ళలో ఒకడు విసుక్కుని, అంటే ఒప్పుకున్నట్టా కాదా అని అడిగాడు. "కాదని చెప్పడానికి మా భాషలో ఉన్న మర్యాద అది" అన్నాడట ఇతను. మినిట్స్ రాసినవాడికి ఆ మాట నచ్చినట్టుంది, ఉన్నదున్నట్టు ఎక్కించాడు.

ఆఖరి రోజు పేజీలో మాత్రం ఇలా ఉంది: 'ఏ సంకోచమూ లేకుండా ఒప్పుకున్నారు.'

అన్నిసార్లు సరిగ్గా చెప్పినవాడు ఆ ఒక్కసారే తడబడ్డాడా? పైగా ఏ సంకోచమూ లేకుండా చూద్దాం అన్నవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ మాటకి ముందు మనవాళ్ళు ఒకసారి ముక్కు గోక్కుంటారు, లేదా కిటికీలోంచి బయటికి చూస్తారు.

చూద్దాం అని ఉండరు పెద్దాయన. సరే అని ఉంటారు.


ఫిబ్రవరి 6

డైరెక్టర్ గారు కారిడార్‌లో ఎదురుపడి, ఎలా నడుస్తోంది అన్నారు. బ్రహ్మాండంగా అన్నాను. "మీ విషయం నా మనసులో ఉంది, చూద్దాం" అన్నారు. నేను అడక్కుండానే!


ఫిబ్రవరి 15, శనివారం

రాయబారి కూతురు బతికే ఉన్నారు. పాత బజారులో కళ్ళజోళ్ళ షాపు నడిపి, అమ్మేసి, ఇప్పుడు మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారు. లిఫ్ట్ మీద 'రిపేరు' అని రాసిన అట్ట కూడా వెలిసిపోయింది.

తలుపు తీసి నా ముఖం వంక చూసి మొదట అన్న మాట: "ఎడమ కమ్మీ వంగిపోయింది. ఇంత వంకర జోడుతో చదివితే తలనొప్పి రాదూ?" గుమ్మంలోనే నా కళ్ళజోడు లాక్కుని, కమ్మీని వేళ్ళతో సుతారంగా వంచి మళ్ళీ నా ముక్కు మీద పెట్టారు. ఆ తర్వాతే ఎవరమ్మా నువ్వు అని అడిగారు.

అమ్మగారూ అంటే ఊరుకోలేదు. పిన్నిగారూ అంటే సరే అన్నారు.

వచ్చిన పని చెప్పగానే ఆ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "మా నాన్న తప్పు విన్నాడని రాస్తావు. అంతేగా? అది రాయడానికి నా దగ్గరికి రావడం ఎందుకు? బడి పుస్తకంలోనే ఉంది."

"తప్పు వినలేదని నా అనుమానం పిన్నిగారూ."

లేచారావిడ. లోపలికి వెళ్ళి కంట్లో చుక్కలు వేసుకుని వచ్చి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మూసిన కళ్ళలోంచి మందు చెంపల మీదికి కారుతోంది. మందో మరొకటో నాకు తెలియలేదు.

"వచ్చే శనివారం రా" అన్నారు.


ఫిబ్రవరి 22, శనివారం

విన్నది విన్నట్టు రాసుకుంటున్నాను.

ఆవిడకి అప్పుడు పదేళ్ళు. పెద్దాయన వాళ్ళింటికి వేరే ఎవరిదో కారులో, ఒంటరిగా వచ్చారు. మంచినీళ్ళిచ్చి పొమ్మంటే వెళ్ళినట్టే వెళ్ళి కర్టెన్ ఇవతల నిలబడింది పిల్ల.

పెద్దాయన అన్నారు: "నేను సరే అన్నానని నీకూ తెలుసు, నాకూ తెలుసు. రేవు వదలకపోతే వాళ్ళు కదిలేవాళ్ళు కాదు. ఇప్పుడు జనానికి ఆ మాట తెలిస్తే ఈ ప్రభుత్వం నెల తిరక్కుండా పడిపోతుంది. నువ్వు తప్పు విన్నావనుకో, ఇద్దరం గట్టెక్కుతాం."

"మరి నా పేరండీ?" అని అడిగారట... కాదు, అడిగారు. రాయబారి అడిగారు.

"పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు దేశం నిలబడనీ."

పెద్దాయన వెళ్ళాక రాయబారి లోపలికొచ్చి భార్యతో, ఆయన మాటిచ్చారన్నారు. ఏమని ఇచ్చారని ఆవిడ అడిగింది. చూద్దామన్నారని ఈయన చెప్పారు. ఆవిడ ఫక్కున నవ్వింది.

"అమ్మ అలా నవ్వడం నేను మళ్ళీ వినలేదు" అన్నారు పిన్నిగారు. "'ఊరందరి మాటలకీ అర్థం చెప్తారు, మీ దాకా వచ్చేసరికి చూద్దాం అంటే ఏంటో తెలీకుండా పోయిందా?' అంది. నాన్నకి కోపం వచ్చి అన్నం ముందు నుంచి లేచిపోయారు."

మంచుదేశంలో రాయబార కార్యాలయం అంటే ఒక పియానో షాపు మీద రెండు గదులు. అక్కడ రాయబారి దగ్గర ఒక నల్ల సూటు ఉండేది. జెండా పండగ దగ్గర పడుతుంటే దాన్ని ఇస్త్రీకి ఇచ్చేవారు. ఈసారి రమ్మంటారు, సభ పెట్టి అసలు విషయం చెప్తారు అని. ప్రతి ఏడూ ఇచ్చేవారు. పెద్దాయన పోయాక కూడా ఇచ్చారు. చివరికి ఆ సూటులోనే ఆయన్ని సాగనంపారు.

"మడత చెడలేదు" అన్నారు పిన్నిగారు.

వస్తుంటే నా చెయ్యి పట్టుకున్నారు. "నేను విన్నాను కాబట్టి 'అన్నారు' అని రాయి. 'అన్నారట' అని రాయకు. మా నాన్న గురించి ఈ దేశంలో అందరూ అటలే చెప్పారు. అట కానిది ఒక్కటి అచ్చులో చూడాలి. నా కళ్ళు వేసవి దాటవు. డాక్టరు చెప్పక్కర్లేదు, నా జబ్బు చదవడం నాకు వచ్చు."

మాటిచ్చాను. చూద్దాం అనలేదు. రాస్తాను పిన్నిగారూ అన్నాను.


మార్చి 1

రాశాను. 'పెద్దాయన సరే అన్నారు.' నా బతుకులో నేను రాసిన వాక్యాల్లో మొదటిసారి ఒకదాన్ని చూసి గర్వపడ్డాను.


మార్చి 11, మంగళవారం

డైరెక్టర్ గారు పిలిచారు. రాత ప్రతి మొత్తం చదివారు. పెన్సిల్‌తో ఒక్కచోటే గీత.

"గొప్ప పనండీ. ఆ మినిట్స్ వాదన ఉందే, అదిరిపోయింది. మన సంస్థలో ఇంత చదివేవాళ్ళు లేరు." టీ తెప్పించారు. కప్పు నా వైపు తిప్పి పెట్టారు. "ఒక్క సందేహం. సరే అన్నారు అని రాశారు. మీరు విన్నారా?"

"వాళ్ళమ్మాయి విన్నారు."

"పదేళ్ళ పిల్ల, కర్టెన్ చాటు నుంచి. అదీ కన్నకూతురు. నేను నమ్మనని కాదు, పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి కదా. వాక్యం తీసెయ్యమని కూడా అనట్లేదు. ఒక్క అక్షరం. అన్నారట అనండి. మీ మాటా ఉంటుంది, మన గౌరవమూ ఉంటుంది."

"ఆలోచిస్తానండీ."

"తొందరేం లేదు. ప్రూఫులు నెలాఖరుకి. అన్నట్టు, జూన్‌లో పర్మనెంటు పోస్టులు రెండు వస్తున్నాయి. మీ పేరు నా నోట్లోనే ఉంది. చూద్దాం."

మెట్లు దిగుతుంటే పెద్దాయన ఫోటో కింద ఎవరో తాజా పూలు పెట్టి ఉన్నారు. ఆయన నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉన్నాడు. ఫోటోల్లో అందరూ నవ్వుతారు.


మార్చి 12

కుదరదు. కాగితం మీద ట పెట్టను. మాటంటే మాటే.


మార్చి 13

అయితే శాస్త్రీయంగా చూస్తే ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. సాక్షి ఒక్కరే ఉన్నప్పుడు జాగ్రత్తగా రాయమని నేనే కుర్ర రీసెర్చి వాళ్ళకి పాఠం చెప్తాను.


మార్చి 16, ఆదివారం

వదిన వాళ్ళమ్మగారికి ఆపరేషన్ తేదీ ఖాయమైంది. ఆకుపచ్చ కర్టెన్లు వచ్చాయి. నేను పడుకునే మంచం పక్కనే ప్యాకెట్‌లో ఉన్నాయి.

"నువ్వు ఇబ్బంది పడకు, హాల్లో సోఫా మంచంలా తెరుచుకుంటుంది" అంది వదిన. మంచి మనసుతోనే అంది. ఆవిడ మంచితనమే నన్ను చంపేస్తోంది. తిడితే ఏడ్చి వెళ్ళిపోదును.

అన్నయ్య సోఫా తెరిచి చూపించాడు. తెరిచినప్పుడు అది ఒక మూలుగు మూలిగింది. వేరే ఇల్లు చూసుకుందామంటే పర్మనెంటు కాగితం లేని ఒంటరి ఆడదానికి గది ఇచ్చేవాడు లేడు. ఒక ఇంటాయన నేరుగానే అడిగాడు: "జూన్ తర్వాత మీ ఉద్యోగం ఉంటుందా అమ్మా?" నేను ఏమన్నానో రాయాలని లేదు. ఆయన అన్నదే రాస్తాను. "సరే, చూద్దాంలే" అన్నాడు.


మార్చి 24

ఒక్క అక్షరం. నలభై పేజీల పుస్తకంలో ఒక్క అక్షరం గురించి ఇంత రాద్ధాంతమా? చదివేవాడు చదివితే మినిట్స్ వాదనే చాలు, సంగతి అర్థమవుతుంది. ట మీద కన్ను కూడా ఆగదు.


మార్చి 28, శుక్రవారం

పెట్టాను. 'రు' కొట్టేసి 'రట' రాశాను. పెన్సిల్‌తోనే రాశాను, చెరిపేసుకోవచ్చు.


మార్చి 31

ప్రూఫులు వెళ్ళిపోయాయి.


ఏప్రిల్ 4

డైరెక్టర్ గారు ఫోన్‌లో మెచ్చుకున్నారు. అన్నారట ఉన్న పేరాని చివరి పేజీలో చిన్న అక్షరాల్లోకి మార్చారట, చదువరికి అడ్డు రాకుండా. మొదటి పేజీ మాత్రం ఒక్క ముక్క మార్చలేదన్నారు. మొదటి పేజీ అంటే నేను జనవరిలో రాసిన బడి పుస్తకం కథ. ఆ యువకుడు దాన్ని 'ఒప్పుకుంటున్నాం' అని చెప్పాడు అనే కథ.

దాన్ని మార్చడం మర్చిపోయాను. మర్చిపోయానా?

మర్చిపోయాను.


ఏప్రిల్ 12, శనివారం

పిన్నిగారి దగ్గరికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశాను. "జాగ్రత్తమ్మా. జోడు వంగితే వచ్చెయ్యి" అన్నారు.


ఏప్రిల్ 19, శనివారం

వెళ్ళలేదు.


ఏప్రిల్ 26

వెళ్ళలేదు. ఆవిడే ఫోన్ చేశారు. నాన్న వాక్యం అచ్చులో పడిందా అని అడగలేదు. కాఫీ తాగడానికి రమ్మన్నారు. అడిగి ఉంటే బాగుండేది, కోప్పడి ఫోన్ పెట్టేసేదాన్ని.


మే 17, శనివారం

పుస్తకం వచ్చింది. నా పేరు అట్ట మీద చిన్నగా, డైరెక్టర్ గారి పేరు 'ప్రధాన సంపాదకులు' కింద కాస్త పెద్దగా ఉంది. చేతిలో పెట్టుకున్నాక ఇక వెళ్ళక తప్పలేదు.

పిన్నిగారి కళ్ళు వేసవి చివరి దాకా కూడా ఆగలేదు. తలుపు తీసి నా భుజం మీదుగా ఎక్కడో చూస్తూ, "నీ చెప్పుల చప్పుడు పట్టాను" అన్నారు. కుర్చీ చేత్తో తడిమి చూసుకుని కూర్చున్నారు. షాపులో వాడే ఆ అక్షరాల చార్టు ఇంకా గోడ మీదే ఉంది.

"అచ్చయిందా?"

"అయింది పిన్నిగారూ."

"చదువు. ఆ ఒక్క వాక్యం చదువు. నా కళ్ళతో చూసుకుందామనుకున్నాను. పోనీలే, చెవులతో అయినా."

చివరి పేజీ తెరిచాను. చిన్న అక్షరాలు. అక్కడ ఉన్నది ఇది: 'పెద్దాయన సరే అన్నారట.'

నేను చదివింది ఇది: "పెద్దాయన సరే అన్నారు."

గొంతు తడబడలేదు. ఒక్క సంకోచమూ లేకుండా చదివాను. ఉన్న మాట ఒకటి, నా నోట వచ్చింది మరొకటి. ఏ పని చేశాడని ఆ రాయబారిని ఇన్నేళ్ళు ఈ దేశం ఉతికి ఆరేసిందో, ఆయన చెయ్యని ఆ పనిని ఆయన కూతురి ముందు కూర్చుని నేను చేశాను.

పిన్నిగారు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. ఆవిడ పెదాలు నాతోపాటు కదిలాయి. తర్వాత రెండు చేతులూ ముందుకి చాచి, "తల ఇలా పెట్టు" అన్నారు. నా ముఖం తడిమి, కళ్ళజోడు తీసి, కమ్మీలు రెండూ వేళ్ళతో చూసి, కొంచెం వంచి, మళ్ళీ పెట్టారు. "ఆ... ఇప్పుడు సరిగ్గా కూర్చుంది." నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు. ఆవిడ వేరేగా అనుకుని నా చెంప నిమిరారు.

"పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు. "పక్కింటాయన పొద్దున్నే వచ్చి నాకు పేపరు చదివి పెడతాడు. ఆయన చేత రోజూ ఇదొక్కటి చదివించుకుంటాను. మనిషి మహా నిక్కచ్చి, పుల్‌స్టాప్ కూడా వదలడు."

పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇది... ఇది శాంపిల్ కాపీ పిన్నిగారూ. ఆఫీసులో తిరిగి ఇచ్చెయ్యాలి."

"మంచి కాపీలు ఎప్పుడొస్తాయి?"

"వస్తాయండీ. తొందర్లోనే."

"తొందర్లో అంటే? వచ్చే శనివారం తెస్తావా?"

ముక్కు గోక్కున్నాను. కిటికీ వైపు చూశాను. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"చూద్దాం పిన్నిగారూ."

ఆవిడ ముఖంలో మెల్లగా ఏదో ఇంకిపోయింది. కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. పుస్తకం ఉన్న నా ఒడి వైపు సరిగ్గా తల తిప్పారు, కనిపిస్తున్నట్టే.

"ట పెట్టావా?" అని అడిగారు.

పుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ లేచి, గోడ పట్టుకుని నడిచి, తలుపు తీసి పట్టుకున్నారు. నేను బయటికి వచ్చాక అన్నారు, మామూలు గొంతుతోనే:

"సరేలేమ్మా. నేను మాత్రం సూటు ఇస్త్రీ చేయించి కూర్చోను."


మే 18

ఏమీ రాయను.


జూన్ 2, సోమవారం

సోఫా ఫరవాలేదు. నడుం దగ్గర ఒక బద్ద తగులుతుంది, దిండు అడ్డం పెట్టుకుంటే తెలియదు. వదిన వాళ్ళమ్మగారికి ఆకుపచ్చ కర్టెన్లు బాగా నచ్చాయి.

రెండు పర్మనెంటు పోస్టుల్లో ఒకటి ఎవరికో వెళ్ళిపోయిందని ఆఫీసులో అనుకుంటున్నారు. ఇంకొకటి ఉంది కదా.


జూన్ 9, సోమవారం

ఉదయం డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. రెండో పోస్టు బహుశా ఆగస్టుకి జరుగుతుంది. ఇంటర్వ్యూ పెడితే పెట్టొచ్చు. "మీ పేరు మర్చిపోలేదండీ, చూద్దాం" అన్నారు.

ఆ మాటకి అర్థం ఏంటో ఈ దేశంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. దాని మీద పుస్తకం రాశాను.

మధ్యాహ్నం పెట్టె తెరిచి, ఇంటర్వ్యూలకి వేసుకునే బూడిదరంగు కోటు తీసి, వీధి చివర ఇస్త్రీకి ఇచ్చి వచ్చాను. గుమ్మంలో వదిన ఎదురైంది. సామెత ఏదో వేస్తుందని ఆగాను. నా ఖాళీ చేతుల వంక చూసి, ఏమీ అనకుండా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.